మీ పని ఒకటి ఉంది, వచ్చి కలవండి

బావా,

బాగున్నావా? ముందు నాలుగు తిట్టేసుకో, ఆ తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. మన కాలేజీ పాతవాళ్ళ పత్రికలో వేస్తాను, స్కాలర్‌షిప్ మాస్టారి గురించి నాలుగు పేజీలు పంపమన్నావు. కాగితం టైపు మిషనుకి ఎక్కించడం, ఎవరో వచ్చి "అన్నా, రెండు జిరాక్సులు" అనడం, నేను లేవడం, ఇదే సరిపోయింది. నిజం చెప్పాలంటే గిరాకీ ఒక వంక. చెయ్యి రాలేదు. ఇవాళ కొట్టు తలుపు ఒకటి మూసి కూర్చున్నాను. జోరుగా కొట్టేస్తాను, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరికి ఇంకా తెలియకపోవచ్చు. మన కాలేజీ ఆఫీసులో చివరి కిటికీ దగ్గర కూర్చుని, స్కాలర్‌షిప్ కాగితాలు చూసిన గుమాస్తా గారు పోయారు. ఆయన మనకి ఏ పాఠమూ చెప్పలేదు. అయినా మాస్టారనే పిలిచేవాళ్ళం. మొన్న జూలై ముసురులో, విశాఖపట్నం పాతబస్తీలో తన గదిలోనే పోయారట. నాకు తెలిసేసరికి ఖననం కూడా అయిపోయింది. ఆయన పక్కింటి దర్జీ నా కొట్టుకి వచ్చి చెప్పాడు.

"మాస్టారు ఎల్లిపోనారు బాబూ. నిన్ననే. మా వీధోళ్ళమే మోసినాం. నీకు సెప్పాలని నాకు తెల్దు. ఇయ్యాల గది సర్దుతుంటే ఓ కాగితం మీద నీ కొట్టు అడ్రసు ఉన్నాది."

అతను మాట్లాడుతుంటే నా చూపు బల్ల మీద పేపర్‌వెయిట్ కిందికి పోయింది. అక్కడ ఒక పోస్టుకార్డు ఉంది. మాస్టారు రాసినదే. వచ్చి మూడు వారాలయింది. "మీ పని ఒకటి ఉంది. వీలు చూసుకుని వచ్చి కలవండి." అంతే, కింద సంతకం, గది అడ్రసు. నేను వెళ్ళలేదు.

ఆ కార్డు ఎలాంటిదో ఆ కిటికీ ముందు నిలబడినవాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళ కోసం చెప్తాను.

అప్పట్లో చాలా కాలేజీల్లో స్కాలర్‌షిప్ మంజూరైన వాళ్ళ పేర్లు నోటీసు బోర్డుకి అంటించేవారు. పేరు, తండ్రి పేరు, కులం, తండ్రి ఆదాయం, అన్నీ. వరండాలో అందరూ చదివేవారు. మన మాస్టారు ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా బోర్డెక్కనివ్వలేదు. ఒక్కొక్కరికీ కార్డు ముక్క రాసేవారు. సొంత డబ్బులతో కొన్న కార్డు. అందులో స్కాలర్‌షిప్ అన్న మాటే ఉండేది కాదు. కార్డంటే పోస్టుమేన్ చదువుతాడు, ఇంటివాళ్ళు చదువుతారు, పక్కింటివాళ్ళు చదివించుకుంటారు. అందుకని ఎవరికైనా ఆ ఒక్క మాటే, మీ పని ఒకటి ఉంది. డబ్బొచ్చినా అదే, కాగితం తిరిగొచ్చినా అదే. గుండె దడదడలాడుతూ వెళ్ళి ఆయన మొహం చూసి తెలుసుకోవాలి.

ఆ కిటికీ దగ్గర ఇంకో విచిత్రం. చెక్కకి మేకు కొట్టి, దారంతో ఒక రబ్బరు ముక్క కట్టి ఉండేది. ఫారం ముందు పెన్సిల్‌తో నింపాలి. ఆయన చూడాలి. ఆ తర్వాతే సిరా.

"ఏటి బాబూ, పెన్సిలు తెచ్చినావా? పెన్ను జేబులో ఎట్టుకో, అది పెళ్ళికి పనికొత్తాది" అనేవారు.

మనలో ఎవరికి ఏది వస్తుందో మనకే తెలిసేది కాదు. మార్కులకిచ్చేది ఒకటి, వెనకబడిన కులాలకిచ్చేది ఒకటి, ఉద్యోగం వచ్చాక తిరిగి కట్టే లోన్ స్కాలర్‌షిప్ ఒకటి, సగం ఫీజు మాఫీ ఇంకొకటి. మనం ఏదో ఒక ఫారం పట్టుకుని లైన్లో నిలబడేవాళ్ళం. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, చేతిలో ఫారం లాక్కుని ఇంకోటి పెట్టేవారు. "నీ మార్కులికి లోనెందుకురా? ఇది రాయి. తిరిగి కట్టక్కర్లేదు." మొహమాటపడే వాళ్ళని మాత్రం గట్టిగా కసిరేవారు. "సర్కారోడు నీ పేరున తీసి ఎట్టిన అన్నం ముద్దరా ఇది. నువ్ తినకపోతే పాసిపోద్ది. ఎవడికీ ఉపయోగం లేదు."

ఆయన అస్తమానూ అనే మాట ఇంకొకటి ఉంది. ఫారంలో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. "లేకపోతే లేదని రాయి. సిగ్గేటి? ఖాళీ వొగ్గీసినావంటే నీ బదులు ఎవడో ఏటో రాసెత్తాడు."

నాకు ఆ మాట రెండో ఏడులో బోధపడింది.

మా సంగతి నీకు తెలుసు, చదివేవాళ్ళకి తెలియదు. మాది స్టీల్‌ప్లాంటు కోసం తీసుకున్న ఊళ్ళలో ఒకటి. నాలుగెకరాలు ఉండేది, అందులో సగం జీడిమామిడి తోట. అది పోయాక కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఒక గదిలోకి వచ్చాం. మా నాన్న పోర్టులో కళాసీగా చేరాడు, బస్తాలు మోసే పని. మొదటి ఏడాది స్కాలర్‌షిప్ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చింది. రెండో ఏడాది మా ఆదాయం నిజమో కాదో చూడటానికి తాలూకాఫీసు నుంచి రెవిన్యూ ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చాడు.

సాయంత్రం. మా నాన్న అప్పుడే పని నుంచి వచ్చి వీధి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. చుట్టూ పదిమంది బిందెలతో. ఇన్‌స్పెక్టర్ అక్కడే నిలబడి అడిగాడు.

"భూమేమైనా ఉందా?"

"ఎందుకు లేదండీ? నాలుగెకరాలు. రెండెకరాలు పల్లం, రెండెకరాలు జీడితోట. నూతి నీళ్ళు."

ఇన్‌స్పెక్టర్ రాసుకుని వెళ్ళిపోయాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ నాలుగెకరాలు చెప్తుంటే మా నాన్న నడుం నిటారుగా నిలబడింది. అది చూసి తెరవలేకపోయాను.

తర్వాత కార్డు వచ్చింది. కిటికీ దగ్గరకి వెళ్ళాను. మాస్టారు నా కాగితం నా వైపు తిప్పి వేలు పెట్టారు.

"ఈ నాలుగెకరాలేటి?"

"అది లేదండి. స్టీల్‌ప్లాంటుకి పోయింది కదండి."

"మరి మీ నాన్న ఉందన్నాడేటి?"

"ఆయనకింకా ఉందండి."

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్ళు. మాస్టారు నవ్వలేదు. రబ్బరు ముక్క తీసుకుని, కాసేపు వేళ్ళ మధ్య తిప్పారు. అది సిరాతో రాసింది, చెరిగేది కాదు. స్కాలర్‌షిప్ ఆగిపోతే నా చదువూ అక్కడితో ఆగినట్టే. పోర్టులో నాకూ ఒక పని మాట్లాడి పెట్టాలని మా నాన్న అప్పటికే మేస్త్రీతో అన్నాడు. మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చు, కానీ మా నాన్న స్వయంగా తహసీల్దారు ముందు నిలబడి నాకు భూమి లేదని చెప్పాలి.

"ఆదివారం మీ ఇంటికొత్తాను. టీ ఎట్టించు" అన్నారు మాస్టారు.

వచ్చారు. తెల్ల లాల్చీ, చేతిలో గొడుగు. మా నాన్న మంచం దులిపి కూర్చోబెట్టాడు. విషయం తెలిసేసరికి లేచి నిలబడ్డాడు.

"సాయిబు గారూ, మీరు పెద్దోరు. మీకో మాట సెప్తన్నాను. నలుగురికి అన్నమెట్టిన ఇల్లండి మాది. నాను ఏటీ లేనోడినని ఆఫీసులో నిలబడి సెప్పాలా? మీరైతే సెప్తారా?"

మాస్టారు గ్లాసు చేతిలోకి తీసుకున్నారు. టీ తాగారు. గ్లాసు కింద పెట్టి, "ఆ తోట ఎక్కడుందో నాకు సూపిత్తారా?" అన్నారు.

మా నాన్న మొహం వెలిగిపోయింది. "రండి. జీడిపిక్కలు కాల్సి పెడతాను మీకు" అన్నాడు.

పై ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా మా నాన్నే మాట. ఏ గట్టు ఎవరిది, ఏ మలుపులో ఎవరి కల్లం. బస్సు దిగి నడిచాం. ముళ్ళకంచె వచ్చింది. కంచె అవతల ఎర్రమట్టి, లారీలు తిరిగిన గాడులు. చెట్లన్నీ కొట్టేశారు. దూరంగా ఒక్క జీడిచెట్టు మాత్రం మిగిలింది. అది మాదో, పక్కవాళ్ళదో, గట్లు లేకపోతే ఎలా తెలుస్తుంది? మా నాన్న వేలు చూపిస్తూ మొదలుపెట్టాడు. "అదిగో నుయ్యి అక్కడ... కాదు, ఇంకా ఇటు... ఉండండి." కంచె వెంట కొంత దూరం నడిచాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆఖరికి కంచె రాయి పక్కన కూలబడ్డాడు.

మాస్టారు ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నారు, ఆ తెల్ల బట్టలతోనే. తర్వాత సంచిలోంచి కొత్త ఫారం తీసి, పెన్సిలు తీశారు.

"ఈ గడి ఖాళీగున్నాది. ఏటి రాద్దాం?"

మా నాన్న కంచె వైపే చూస్తూ అన్నాడు. "పోయిందని రాయండి."

"పోయిందని రాయడానికి గడి లేదు బావా. ఉందని ఒకటి, లేదని ఒకటి. అంతే ఇచ్చినారు."

మాస్టారు మా నాన్నని బావా అనడం అదే మొదటిసారి. మా నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే లేదనే రాయండి. పెన్సిలెందుకు, సిరాతోనే రాసీండి."

తహసీల్దారు ముందు మా నాన్న చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "ఉండీదండి బాబూ. ఇప్పుడు లేదు." అంతే చెప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వెనక బెంచీ మీద మాస్టారు గొడుగు పట్టుకుని కూర్చున్నారు. ఆయన పని కాదది. సెలవు పెట్టి వచ్చారని తర్వాత తెలిసింది.

కార్డు వచ్చింది. పోస్టుమేన్ వీధిలోనే చదివేశాడు. "మీవోడికి కాలేజీలో ఏదో పనుందంటన్నారు మావా!" మా నాన్న కుళాయి దగ్గర అందరూ వినేటట్టు, "ఉంతాది మరి. సదువుకున్నోడికి పనులుండవేటి?" అన్నాడు. ఆ మాట కోసమే మాస్టారు అన్నేళ్ళూ కార్డులు కొన్నారనిపిస్తుంది నాకు.

అప్పట్నుంచి నెలకో ఆదివారం ఇద్దరూ మా గుమ్మంలో కూర్చుని టీ తాగేవారు. ఎక్కువ మాటలుండేవి కావు. రైలు వెళ్తే మాట ఆపేవారు, వెళ్ళాక మొదలుపెట్టడం మర్చిపోయేవారు. మాస్టారికి పెళ్ళి కాలేదు. పాతబస్తీలో వాళ్ళ అక్కతో ఉండేవారు. ఆమె పోయాక ఒక గదికి మారారు. మా నాన్న పోయినప్పుడు కూడా వచ్చారు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. అందరూ వెళ్ళాక నా దగ్గరకి వచ్చి, "మరణం సర్టిఫికెట్టు తీసుకో బాబూ, ఆలస్యం సేస్తే తిప్పుతారు" అని చెప్పి గొడుగు తీసుకున్నారు. ఆయనకి వచ్చిన ఓదార్పు అదే.

డిగ్రీ అయ్యాక నాకు ఉద్యోగం రాలేదు, ఈ కొట్టు పెట్టాను. టైపు మిషను, పెన్నులు, తెల్ల కాగితం, తర్వాత జిరాక్సు. మాస్టారు పిల్లల్ని నా దగ్గరకే పంపేవారు. నేనూ కౌంటరుకి దారంతో రబ్బరు కట్టాను. అది చూసి, "నా యాపారం దొంగిలించీసినావురా" అని నవ్వారు. ఆయన గట్టిగా నవ్వడం నేను చూసింది అప్పుడొక్కసారే.

రిటైరయ్యాక అప్పుడప్పుడు వచ్చేవారు. మెట్టు మీద నిలబడి లోపలికి చూసేవారు. నేను తల ఎత్తకుండానే "కూర్చోండి మాస్టారూ" అనేవాణ్ణి. "గిరాకీ ఉన్నాదిలే, సేసుకో" అనేవారు. కాసేపయ్యాక చూస్తే ఉండేవారు కాదు. ఎన్నిసార్లు అలా వెళ్ళిపోయారో నేను లెక్క పెట్టలేదు. ఆయన చేతిలో కాగితం ఉండేది కాదు. కాగితం లేనివాడికి నా కొట్టులో ఏం పనుంటుంది అనుకున్నానేమో.

ఆ కార్డు జూన్ ఆఖర్లో వచ్చింది. అడ్మిషన్ల రోజులు. మెట్ల కింద దాకా పిల్లలు. పెన్షను కాగితాలేవో టైపు చేయించుకోవాలేమో, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకున్నాను. పేపర్‌వెయిట్ కింద పెట్టాను. ఆ ఆదివారం సరుకొచ్చింది. తర్వాత ఆదివారం వాన.

దర్జీ చెప్పిన రోజున కొట్టు మూసి అతనితో వెళ్ళాను. పాతబస్తీ సందు, పైన మేడ మీద గది. కిటికీలోంచి పోర్టు క్రేన్లు కనిపిస్తాయి. కిటికీ దగ్గర బల్ల, బల్లకి ఇటొక కుర్చీ, అటొక కుర్చీ. అటువైపు కుర్చీ మీద కొత్త దిండు. రెండు టీ గ్లాసులు బోర్లించి ఉన్నాయి. బల్ల అంచున మేకు, మేకుకి దారం, దారానికి రబ్బరు ముక్క. పక్కనే చెక్కి పెట్టిన పెన్సిలు.

"మాస్టారికి నాతో ఏం పని పడింది? నీకేమైనా చెప్పారా?" అని దర్జీని అడిగాను.

"ఏటి పని బాబూ? ఏటీ లేదు. కార్డులు కొనీవోడు, రాసీవోడు, డబ్బాలో ఏసీసి వొచ్చీవోడు. ఆదివారం పొద్దున్నే పాలు ఎక్కువ తెచ్చుకునీవోడు. పిల్లలొత్తారు, ఆళ్ళ పనున్నాది అనీవోడు. ఏటి పని సాబ్ అంటే నవ్వీవోడు. ఆ కిటికీ కాడే కూకునీవోడు."

"ఎవరైనా వచ్చారా?"

"పోస్టుమేనొచ్చినాడు. అడ్రసు దొరకలేదని రెండు కార్డులు తిరిగిచ్చీసి ఎల్లిపోనాడు."

ఆ రెండు కార్డులూ బల్ల సొరుగులో ఉన్నాయి. పేర్లు చూశాను, మన తర్వాత బ్యాచ్ వాళ్ళవి. రాసింది అదే మాట. మీ పని ఒకటి ఉంది. లేకపోతే లేదని రాయమని మనందరి చేతా రాయించిన మనిషి, తన కార్డు దగ్గరకొచ్చేసరికి ఉందనే రాశారు. మనుషుల్ని పిలవడానికి ఆయన దగ్గర ఆ ఒక్క మాటే ఉంది.

దర్జీ నన్ను టీ తాగమన్నాడు. ఆ దిండు ఉన్న కుర్చీలో కూర్చున్నాను. ఎదురు కుర్చీ ఖాళీ. కింద హార్బరులో ఓడ కూత వేసింది. రెండో గ్లాసు తియ్యబోతే దర్జీని వద్దన్నాను. అలాగే బోర్లించి ఉంచమన్నాను.

నీ ఉత్తరం చివర ఒక్క లైను రాశావు బావా. నీకూ కార్డు వచ్చిందని, పండక్కి విశాఖపట్నం వచ్చినప్పుడు చూద్దాంలే అనుకున్నావని. ఆ లైను చదివాకే నాకు రాయడానికి చెయ్యి రానిది. నిన్నేమీ అనడం లేదు. నువ్వు రాయపూర్ నుంచి రావాలి. నాకు కొట్టు నుంచి పాతబస్తీకి ఒక్క బస్సు.

కొట్టు ముందు ఒక అమ్మాయి ఫారం పట్టుకుని నిలబడి ఉంది. మూసిన తలుపు చూసి వెళ్ళాలో వద్దో తెలియక చూస్తోంది. లేవాలి. ఒక గడి ఖాళీగా వదిలేసినట్టుంది, ఇక్కణ్ణించే కనబడుతోంది.

నువ్వు రా బావా. పనేమీ లేదు. కాగితం పట్టుకు రానక్కర్లేదు. ఊరికే కూర్చుందాం. తలుపు రెండు రెక్కలూ మూసేస్తాను. ఏ ఆదివారం వస్తావో ఈ ఉత్తరం అందిన రోజే రాయి. ఎప్పుడు కలుద్దాం?